నాపచేను పథకం

వేగిపాలెం పురపాలక సంఘానికి కొత్తగా వచ్చిన కమిషనరు ప్రభంజన్ గారు ఒకటో తరగతి నుంచీ ఇంగ్లీషులోనే చదువుకున్నాడు. తెలుగు సామెత అనేదాన్ని ఆయన మొట్టమొదటిసారి విన్నది ఉద్యోగంలో చేరాక, అధికారులకు స్ఫూర్తి కలిగించడానికి ప్రభుత్వం ఒక రిసార్టులో పెట్టిన శిక్షణలో. చెవికి మైకు తగిలించుకున్న పెద్దమనిషి ఒకాయన వేదిక మీద అటూ ఇటూ నడుస్తూ, "నవ్విన నాపచేనే పండుతుంది" అన్నాడు. రాళ్ళ నేల అని ఎగతాళి చేసిన చేనే చివరికి పండిందని మనందరికీ చిన్నప్పుడే ఎవరో ఒకరు చెప్పి ఉంటారు. విన్నాం, తలూపాం, అన్నం తిని పడుకున్నాం. ఆలస్యంగా విన్నవాళ్ళతోనే ప్రమాదం.

కమిషనరు కారులో తిరిగి వస్తూ దారి పొడుగునా ఆలోచించాడు. నవ్విన చేనే పండుతుందంటే నవ్వని చేను పండదన్నమాట. పండదని తెలిసీ విత్తనం చల్లడం ప్రజాధనం దుర్వినియోగం కిందికి వస్తుంది. కారు మున్సిపల్ ఆఫీసు గేటు దాటేసరికి పథకం తయారైంది. ఇకమీదట ఊళ్ళో ఏ పని మంజూరు కావాలన్నా, ఆ పనిని చూసి ముందు జనం నవ్వి ఉండాలి. నవ్వినట్టు రుజువుండాలి. దానికి నాపచేను పథకం అని పేరు పెట్టి, ఆఫీసు గోడ మీద "నవ్వు నాలుగు విధాల చేటు" అని ఎప్పటినుంచో ఉన్న మాటలో చేటు చెరిపించి మేలు రాయించాడు.

ఈ సంగతులేవీ తెలియకుండా మట్టపర్తి సుభాషిణి ఆ నెల కౌన్సిలు సమావేశానికి వెళ్ళింది. ఆమె పదకొండో వార్డు కౌన్సిలరు. భర్త ఎరువుల కొట్టు చూసుకుంటాడు, ఆమె వార్డు చూసుకుంటుంది. ఆమె కౌన్సిలరు అయ్యింది ఒకే ఒక్క పని కోసం. లాకుల దగ్గర కాలువ మీద మనుషులు నడిచే సన్నపు వంతెన ఒకటుంది. దాని రెయిలింగు తుప్పు పట్టి ఒకవైపు ఊడిపోతే, రెండోవైపుది ఎవరో పాత ఇనుము కింద అమ్ముకున్నారు. కిందటేడు అదే వార్డులో ఉండే నూకాలమ్మ మొగుడు తెల్లారగట్ల తోటకూర మోపు నెత్తిన పెట్టుకుని బజారుకు వెళుతూ ఆ వంతెన మీంచి జారి పడ్డాడు. తోటకూర అక్కడే తేలింది. మనిషి మర్నాడు కింది లాకుల దగ్గర తేలాడు. ఆ గట్టు మీద నూకాలమ్మ చెయ్యి పట్టుకుని, వచ్చే ఏడు నీళ్ళు వదిలేలోపు రెయిలింగు వేయిస్తానని సుభాషిణి మాటిచ్చింది. ఇప్పుడు కాలువలు కట్టేసి ఉన్నాయి. అడుగున పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు. వానాకాలం పంటకు నీళ్ళు వదిలేలోపే పని జరగాలి.

సమావేశంలో ఆమె వంతు వచ్చింది. రెయిలింగు అన్నది. ఎవరూ కాదనలేదు. ప్రతిపక్షం కూడా బల్లలు చరిచింది. చైర్మన్ వెలిచేటి రామభద్రం గారు, "ఇది ఎప్పుడో చెయ్యాల్సిందమ్మా" అన్నాడు. సుభాషిణి గుండె తేలికపడింది.

కమిషనరు లేచాడు. "ఈ అంశముపై గౌరవ సభ్యులలో ఎవరికైనా నవ్వు వచ్చియున్నదా?"

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నవ్వు రానందున తిరస్కరించడమైనది. తదుపరి అంశము."

తదుపరి అంశం పద్నాలుగో వార్డు వాళ్ళది. కుళాయిల్లో నీళ్ళు రాని రోజున, నీళ్ళు పడుతున్న చప్పుడు మైకుల్లో వీధి వీధికీ వినిపిస్తే ప్రజలకు ఊరటగా ఉంటుందని ఆ కౌన్సిలరు చదివాడు. అతను ఎప్పుడూ అలాంటివే చదువుతాడు, ఎప్పుడూ అందరూ నవ్వి ఊరుకుంటారు. ఆ రోజూ నవ్వారు. కమిషనరు కళ్ళు చెమర్చాయి. "మంజూరు చేయడమైనది" అన్నాడు. తర్వాత దోమలకు కుటుంబ నియంత్రణ, ఊరపందులకు నంబరు ప్లేట్లు కూడా కడుపుబ్బ నవ్వించి మంజూరైపోయాయి.

సుభాషిణి ఊరుకోలేదు. "నవ్విన చేను పండిందంటే, నవ్వని చేను పండదని కాదు కదండీ. మా బావగారి చేను చూసి ఊరంతా నవ్వాం. మరి పండలేదు. ఎండిపోయింది."

"అది మీ వ్యక్తిగత వ్యాఖ్యానము" అన్నాడు కమిషనరు. "ఉత్తర్వులో ఎండుటకు సంబంధించిన క్లాజు లేదు. మీకు అసంతృప్తి ఉన్నయెడల అపహాస్య నిర్ధారణ సభలో అప్పీలు చేసుకోవచ్చును."

అపహాస్య నిర్ధారణ సభ అంటే ఏమీ లేదు. నవ్వు రాని ప్రతిపాదనలను టౌన్ హాల్లో జనం ముందు పెడతారు. మున్సిపాలిటీవాళ్ళే ఒక హేళనాధికారిని ఇస్తారు. ఆయన ఆ ప్రతిపాదనను ఎగతాళి చేస్తాడు. జనం నవ్వితే గట్టెక్కినట్టు. ఆ ఉద్యోగంలోకి చింతా అబ్బులును తీసుకున్నారు. అబ్బులు ఒకప్పుడు బుర్రకథల్లో కథకుడి పక్కన నిలబడి నవ్వించే వంతగాడు. ఎంతటి వీరుడి కథ చెబుతున్నా మధ్యలో ఒక మాట విసిరి మనుషుల్ని చాపల మీద దొర్లించేవాడు. టీవీలొచ్చాక బుర్రకథలు పోయాయి. ఇన్నాళ్ళకు మళ్ళీ చేతినిండా పని దొరికింది.

సభ రోజున సుభాషిణి ప్రతిపాదన చదివి కూర్చుంది. ముందు వరసలో నూకాలమ్మ కూర్చుని ఉంది. అబ్బులు కాలి గజ్జెలు సవరించుకుని లేచాడు.

"రెయిలింగు కావాలంటండి ఆయ్. రేపొద్దున్న కాలవకి దుప్పటి కావాలంటారు, ఎల్లుండి లాకులకి తలుపు గొళ్ళెం అడుగుతారు." ఎవరూ నవ్వలేదు. అబ్బులు గొంతు సవరించుకున్నాడు. "పడకుండా నడవడం చేతకాక..." అన్నాడు, నూకాలమ్మ వైపు చూశాడు, అక్కడే ఆగిపోయాడు. గజ్జెలు విప్పి బల్ల మీద పెట్టేశాడు.

"ఇది నా వల్ల కాదండి బాబూ. నవ్వాలంటే ఎక్కడో ఓ వంకరుండాలి. ఈవిడ అడిగింది తిన్నగా ఉంది."

"ప్రతిపాదన హేళనకు అనర్హము" అని కమిషనరు తేల్చేశాడు.

మెట్లు దిగుతుంటే చైర్మన్ రామభద్రం గారు సుభాషిణి పక్కకు వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. గాలి ఎటుంటే అటు గొడుగు పట్టే మనిషి, అంతే. "అమ్మా, కాస్త వంకర చెయ్యండి. రెయిలింగు వంతెనకి కాదు, కాలవ అడుగున వేద్దామనండి. జనం నవ్వుతారు, మంజూరైపోద్ది."

"అలా అంటే అక్కడే వేస్తారు మీరు" అంది సుభాషిణి.

సభలో ప్రతిపాదనను చూసి నవ్వనివాళ్ళు బయటికొచ్చాక సుభాషిణిని చూసి నవ్వడం మొదలుపెట్టారు. ఇదొక విచిత్రం. ఊరన్నాక నవ్వుకోవడానికి ఒకరు కావాలి. వంకర పనులు చేసేవాళ్ళు కుర్చీల్లో ఉంటారు, వాళ్ళని చూసి నవ్వితే రేపు వాళ్ళతోనే అవసరం పడుతుంది. తిన్నగా మాట్లాడేవాళ్ళు కూరల బజారులో చేతికి అందేంత దూరంలో ఉంటారు. పైగా ఒకే మాట పదిసార్లు అడిగిన మనిషి ఎవరికైనా లోకువే. కుర్రాళ్ళు ఆమెకు రెయిలింగమ్మ అని పేరు పెట్టారు. ఆమె నడుస్తుంటే వెనకాల గాలిలో రెయిలింగు పట్టుకున్నట్టు చేతులు పెట్టి నడిచేవారు. ఆమె మొహానికి కమ్మీలు తగిలించిన బొమ్మ ఊళ్ళో ప్రతి ఫోనులోకీ వెళ్ళింది. ఎరువుల కొట్టుకొచ్చిన రైతులు, "ఏమండీ, బస్తాకి రెయిలింగు వేసిస్తారా?" అని ఆమె భర్తను అడిగేవారు. ఆ బొమ్మ చివరికి సొంత తోటికోడలి దగ్గర్నుంచి కూడా వచ్చింది, కింద పకపక నవ్వే గుర్తులతో. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికెవరో. సుభాషిణి వంటింట్లో పోపు మాడిపోతున్నా చూసుకోకుండా ఏడ్చింది.

ఏడ్చాక మొహం కడుక్కుంటుంటే ఆమెకు తట్టింది. ఊరంతా నవ్వుతోందంటే కావాల్సిన నవ్వు దొరికినట్టే కదా. ఫోను తీసుకుని కమిషనరు గదికి వెళ్ళి బొమ్మలన్నీ చూపించింది. ఒక ఆడమనిషి తనను వెక్కిరించిన బొమ్మల్ని ఒక్కొక్కటే తనే వేలితో జరిపి ఒక ఆఫీసరుకు చూపించాల్సి రావడం ఎంత రోతో ఆ ఆఫీసరుకు తట్టలేదు. ఆయన ప్రతి బొమ్మనూ శ్రద్ధగా చూసి తలూపాడు.

"చాలా బలమైన అపహాస్యము. అభినందనలు. కాని నవ్వినది ప్రతిపాదనను కాదు, ప్రతిపాదకురాలిని. నిబంధన ప్రకారము మీరు గొప్పవారు. రెయిలింగు గొప్పది కాదు."

"నేను గొప్పదాన్నైతే నా మాట వినండి మరి."

"గొప్పవారికి సన్మానము చేయుటకు మాత్రమే వీలున్నది."

వారం తిరక్కుండా శాలువా కప్పారు. సుభాషిణి ఆ శాలువా తీసుకెళ్ళి కొట్లో ఎరువుల బస్తాల మీద దుమ్ము పడకుండా కప్పింది.

ఇక మున్సిపాలిటీతో కాదని వార్డు వాళ్ళే పూనుకున్నారు. ఒకరు బొంగులు తెచ్చారు, ఒకరు కొబ్బరితాడు తెచ్చారు. ఆదివారం మధ్యాహ్నానికి వంతెనకు రెండువైపులా బొంగుల దడి కట్టేశారు. చూడ్డానికి అందంగా లేదు గానీ గట్టిగా ఉంది. నూకాలమ్మ దాన్ని పట్టుకుని ఇటునుంచి అటు, అటునుంచి ఇటు ఊరికే నడిచింది.

మంగళవారం పొద్దున్నే మున్సిపల్ సిబ్బంది పోలీసులను వెంటపెట్టుకుని వచ్చారు. ఒక ఉద్యోగి వంతెన మొదట్లో నిలబడి ఉత్తర్వు చదివాడు. "సదరు కట్టడము ఇంతవరకు ఎవరి చేతను నవ్వబడియుండలేదు. కావున ఇది అనధికార కట్టడమగును." ఆ మాట అయిపోయేలోపే తాళ్ళు కోసేశారు. బొంగులు లారీలో వేసుకుని వెళ్ళిపోయారు. నూకాలమ్మ మాత్రం ఒక బొంగు వదల్లేదు. దాన్ని పట్టుకుని లారీ దాకా నడిచి, అక్కడ వదిలింది.

ఉత్తర్వు చదువుతుండగా ఎవరో ఫోనులో తీశారు. ఇంక చూడండి. "నవ్వబడియుండలేదు" అన్న ఉద్యోగి మొహం సాయంత్రానికి జిల్లా అంతా తిరిగింది, మర్నాటికి రాష్ట్రమంతా. టీ బడ్ల దగ్గర, బస్సుల్లో, పెళ్ళి పందిళ్ళలో వేగిపాలెం మున్సిపాలిటీని తలుచుకుని జనం పొట్టలు పట్టుకున్నారు. సిగ్గున్నవాడెవడైనా తలుపేసుకుని కూర్చునే నవ్వు అది. సుభాషిణి కూడా, హమ్మయ్య, ఇప్పటికైనా బుద్ధొస్తుందని సంబరపడింది.

కమిషనరు మిఠాయిలు పంచాడు. ఇంతమంది నవ్విన మున్సిపాలిటీ రాష్ట్రంలో మరొకటి లేదు. అంటే ఇంత గొప్పది మరొకటి లేదు. అప్పటికే పై ఆఫీసులకు నాపచేను పథకం నచ్చి, రాష్ట్రమంతటా పెట్టి, అందరికంటే ఎక్కువ నవ్వులపాలైన పురపాలక సంఘానికి ఒక పురస్కారం కూడా ప్రకటించారు. పురస్కారం వస్తే కమిషనరుకు రాజధానిలో పెద్ద కుర్చీ, చైర్మన్‌కు రాబోయే ఎన్నికల్లో టిక్కెట్టు. న్యాయనిర్ణేతల బృందం స్వయంగా వచ్చి, సంఘటనా స్థలంలో, అంటే లాకుల వంతెన మీద, పౌరుల నవ్వును ప్రత్యక్షంగా పరిశీలిస్తుందని కబురొచ్చింది.

అది విన్నాక సుభాషిణికి సంగతి అర్థమైంది. వాళ్ళను చూసి నవ్వితే, ఆ నవ్వే తీసుకెళ్ళి వాళ్ళ మెళ్ళో దండ వేస్తుంది. ఊరు పగలబడి నవ్వి, ఈ దద్దమ్మలను తనే నెత్తికెక్కించుకుంది. నవ్వితే వాళ్ళు గెలుస్తున్నారు. అయితే నవ్వకూడదు. ఆమె అబ్బులును పిలిపించింది.

"నవ్వించడం నేర్పేను గానీ నవ్వకుండా ఉండటం ఎవరికీ నేర్పలేదమ్మా" అన్నాడు అబ్బులు. "అయినా చూద్దాం. ఎవర్ని చూసి నవ్వొస్తే ఆయన్నే పొగడండి. పొగిడేటప్పుడు మనిషికి నవ్వు రాదు, నోరు ఆ పన్లో ఉంటాది."

ఆ పాఠం వార్డంతా నేర్చుకుంది. రెండ్రోజుల తర్వాత చైర్మన్ రామభద్రం గారు ఏర్పాట్లు చూసుకోవడానికి వార్డుకు వచ్చాడు. నమూనాగా ఉత్తర్వు చదివించాడు. జనం గుంపుగా నిలబడి శ్రద్ధగా విన్నారు.

"చాలా బాగుందండి" అన్నాడు ఒకాయన.

"మంచి భాషండి. ఇలాటి ఉత్తర్వు మా నాన్నగారి కాలంలో కూడా రాలేదు" అన్నాడు ఇంకొకాయన.

నూకాలమ్మ దణ్ణం పెట్టింది. "తమరు చల్లగా ఉండాలి బాబూ."

చైర్మన్ ఊరుకోలేదు. మైకుల్లో నీళ్ళ చప్పుడు పెట్టించాడు. నంబరు ప్లేటు కట్టిన పందిని తోలించాడు. జనం పందికి కూడా దారిచ్చి మర్యాదగా నిలబడ్డారు. ఒక పిల్లాడు కిసుక్కుమనబోతే వాళ్ళమ్మ నోరు మూసింది. ఊరి మిగతా వీధుల్లోనూ అంతే. పొగడ్త అంటురోగంలా పాకింది. "మన కమిషనరు గారు ఎంత దూరదృష్టి కలవారండీ" అని టీ బడ్డీ దగ్గర పొగుడుతుంటే, ఆ దారిన వెళుతున్న కమిషనరుకు చెమటలు పట్టాయి.

ఆ సాయంత్రం చైర్మన్ ఎరువుల కొట్టుకొచ్చి బస్తా మీద కూలబడ్డాడు. "ఏం చేస్తే నవ్వుతారు తల్లీ? నా బతుకు మీ వార్డు చేతిలో ఉంది."

"వంతెనకి రెయిలింగు వెయ్యండి."

"వేస్తే నవ్వుతారా?"

"నవ్వొస్తే నవ్వకుండా ఎందుకుంటామండీ."

ఆయనకు ఆ మాట చాలింది. కమిషనరు మాత్రం నిబంధన అడ్డొస్తుందన్నాడు. నవ్వు రాని పనికి మంజూరు ఎలా? ఇద్దరూ తలుపేసుకుని ఆలోచించారు. నీటిపారుదల వాళ్ళు ఇంకో రెండు రోజుల్లో నీళ్ళు వదులుతున్నారు, ఆ వెంటనే బృందం వస్తోంది. చివరికి రెయిలింగును "హాస్యోత్పాదక సామగ్రి" కింద రాసుకుని రాత్రికి రాత్రే వెల్డింగువాళ్ళను దింపారు. ఏళ్ళ తరబడి కానిది తెల్లారేసరికి అయిపోయింది. నీలం రంగు కూడా వేశారు.

నీళ్ళు వదిలిన మర్నాడు బృందం వచ్చింది. కాలువ నిండుగా, ఎర్రగా, గట్లు ఒరుసుకుంటూ పారుతోంది. వంతెనకు ఇవతల షామియానా వేశారు. బృందం పెద్దాయన కుర్చీ సర్దుకుని, "పౌరులు నవ్వు ప్రారంభించవచ్చును" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఇప్పుడెవరూ నవ్వు ఆపుకోవడం లేదు, పొగడ్తలూ లేవు. అందరూ రెయిలింగు వైపు చూస్తున్నారు. నూకాలమ్మ తోటకూర మోపు నెత్తిన పెట్టుకుని వంతెన ఎక్కింది. ఎడంచేత్తో కమ్మీ పట్టుకుని నడిచి, నడిమధ్యలో ఆగింది. కిందికి, ఆ నీళ్ళలోకి చాలాసేపు చూసింది. ఆ చోటు ఏదో వార్డులో అందరికీ తెలుసు.

చైర్మన్ పరుగున ఆమె దగ్గరకు వెళ్ళాడు. "నవ్వవే నూకాలమ్మా, నీకు పుణ్యముంటుంది."

"ఏం చూసి నవ్వమంటారు బాబూ?" అంది నూకాలమ్మ.

ఆమె అవతలి గట్టుకు వెళ్ళిపోయింది. పురస్కారం వేరే ఊరికి వెళ్ళిపోయింది.

కమిషనరు కోపం ఆకాశాన్నంటింది. ఆ నెల కౌన్సిలులో ఆయనే స్వయంగా ప్రతిపాదన పెట్టాడు. "హాస్యోత్పాదక సామగ్రిగా వేయబడిన రెయిలింగు హాస్యమును ఉత్పత్తి చేయుటలో విఫలమైనది. కావున సదరు రెయిలింగును తొలగించి, దానిని చూచి నవ్వగలుగు ప్రాంతమునకు తరలించవలెను." చదివి, ఎప్పటిలాగే తలెత్తి, "గౌరవ సభ్యులలో ఎవరికైనా నవ్వు వచ్చియున్నదా?" అన్నాడు.

వచ్చింది. అదే వచ్చిన చిక్కు. సుభాషిణికి కడుపులోంచి తన్నుకుంటూ వచ్చింది. ఇన్ని నెలల్లో ఆమెకు నిజంగా నవ్వొచ్చింది అప్పుడే. ఎదురు వరసలో పద్నాలుగో వార్డు కౌన్సిలరు భుజాలు అప్పటికే కదులుతున్నాయి. ఒక్కరు పక్కుమంటే సభంతా పగలబడి నవ్వుతుంది, రెయిలింగు ఊడిపోతుంది.

ఆమె అతని కళ్ళలోకి సూటిగా చూసింది. కింది లాకుల దగ్గర గోనెపట్టా మీద పడుకోబెట్టిన మనిషి ఆమె కళ్ళ ముందుకొచ్చాడు. అతను ఆమె మొహం చూశాడు. ఆ మొహంలో ఏముందో గానీ అతని భుజాలు ఆగిపోయాయి. ఆ వరసా ఈ వరసా అందరూ ఆమె మొహమే చూశారు. ఒక్కరూ నవ్వలేదు.

కమిషనరు చాలాసేపు ఎదురుచూశాడు. చివరికి తన నిబంధనకు తనే తలవంచి, నెమ్మదిగా అన్నాడు.

"నవ్వు రానందున తిరస్కరించడమైనది."